చీటీ వేరు, జాడీ వేరు

ఒక ఇంట్లో ఒక బామ్మ ఉండేది. ఏటా మామిడికాయల రోజుల్లో ఆవిడ ఆవకాయ పెట్టి, పెద్ద జాడీ నిండా నింపి, వాసెన కట్టి, అటక మీద పెట్టించేది. జాడీ ఎక్కడున్నదీ ఎవరికీ గుర్తుండేది కాదు. అందుకని ఆవిడ ఒక చీటీ మీద, "ఆవకాయ జాడీ అటక మీద, ఎడమ మూల ఉన్నది" అని రాసి, వంటింటి గూట్లో పెట్టింది.

ఒకనాడు కోడలు ఆవకాయ కోసం గూట్లో చూసింది. చీటీ కనిపించింది. ఆమె అది చదివి, అటక మీది నుంచి జాడీ దింపించి, కావలసినంత తీసుకున్నది. చీటీ చక్కగా పనిచేసింది.

మర్నాడు చిన్న మనమడు గూట్లో చెయ్యి పెట్టాడు. వాడికింకా అక్షరాలు రావు. "అమ్మ నిన్న ఇక్కడ చూసేగా ఆవకాయ తెచ్చింది!" అనుకుని, వాడు చీటీని తీసి అన్నంలో కలుపుకోబోయాడు.

మూడోనాడు పెద్ద మనమడు పట్నంలో హాస్టలుకు ప్రయాణమయాడు. బస్సుకు వేళయింది. "గూట్లో చూసి ఆవకాయ తీసుకుపోరా!" అని బామ్మ కేక పెట్టింది. వాడు గూట్లో ఉన్నదేదో తీసి, చూడకుండానే సంచిలో వేసుకుని పరిగెత్తాడు. హాస్టల్లో భోజనానికి కూచుని సంచి విప్పితే ఏమున్నది? చీటీ! జాడీ చూడబోతే ఎక్కడో తమ ఊళ్లో, అటక మీద ఉన్నది.

పిల్లలూ, ఈ మనమళ్లను చూసి మీరు నవ్వుకునే ఉంటారు. నవ్వితే నవ్వారుగాని, కంప్యూటరు ముందు కూచున్నప్పుడు మనలో చాలామందిమి ఆ పెద్ద మనమడు చేసిన పనే చేస్తూంటాం. పెద్దవాళ్లు కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఎలాగో చెబుతాను, వినండి.

మీ ఇంట్లోనో, బడిలోనో విండోస్ కంప్యూటరు ఉంటే దాని తెర మీద వరసగా చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తాయి. ఆ తెరనే డెస్క్‌టాప్ అంటారు. ఆ బొమ్మల్లో కొన్నిటికి ఎడమ పక్క కింది మూల, ఒక చిన్న వంకర బాణం గుర్తు ఉంటుంది. ఎప్పుడైనా గమనించారా? బాణం ఉన్న ప్రతి బొమ్మా బామ్మగారి చీటీ లాంటిది. దానిని షార్ట్‌కట్ అంటారు, అంటే అడ్డదారి అన్నమాట.

మీరు రాసిన వ్యాసమో, గీసిన బొమ్మో కంప్యూటరులో ఎక్కడో లోపలి ఫోల్డరులో ఉంటుంది. అది జాడీ. ఆ ఫైలు ఎక్కడున్నదీ చెప్పే చిరునామా షార్ట్‌కట్‌లో ఉంటుంది. మీరు బొమ్మ మీద రెండుసార్లు నొక్కగానే విండోస్ ఆ చీటీ చదివి, చిరునామా పట్టుకుపోయి, అసలు ఫైలును తెరిచి మీ ముందు పెడుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది గనక, మనం నొక్కినది చీటీ అన్న సంగతే మనకు తట్టదు.

ఈ చీటీ కూడా ఒక చిన్న ఫైలే. దాని పేరు చివర "ఎల్.ఎన్.కె." అనే మూడక్షరాల తోక ఉంటుంది. తమాషా ఏమిటంటే, మిగతా ఫైళ్ల తోకలన్నీ చూపించమని మనం కోరినా సరే, విండోస్ ఈ తోకను మటుకు దాచి ఉంచుతుంది. చీటీ లోపల అసలు ఫైలు చిరునామా ఒక్కటే గాక, ఆ ఫైలు ఎంత పెద్దది, ఎప్పుడు తయారయింది, ఏ డిస్కు మీద ఉన్నది, ఏ బొమ్మ చూపించాలి అన్న వివరాలు కూడా ఉంటాయి. అయినా మొత్తం కలిపి సాధారణంగా ఒకటి రెండు కిలోబైట్లకు మించదు. సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫోటో వేల కిలోబైట్లు ఉండవచ్చు. అంటే జాడీకీ చీటీకీ ఉన్నంత తేడా అన్నమాట!

ఈ చీటీల ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని బర్క్లీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 1983లో విడుదల చేసిన యూనిక్స్‌లో "సింబాలిక్ లింకు" అనే ఏర్పాటు ఉన్నది. ఆపిల్ కంపెనీ 1991లో తెచ్చిన సిస్టమ్ 7లో "ఏలియాస్" అనే చీటీలు వచ్చాయి. చీటీ అని తెలియటానికి వాటి పేర్లను వాలు అక్షరాలలో చూపేవారు. ఇక 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95తో షార్ట్‌కట్లు ఇంటింటికీ వచ్చేశాయి.

అందరికీ చీటీలు ఉన్నాయి. మరి చిక్కు ఎక్కడ వచ్చింది? చీటీ చదివే వాళ్ల దగ్గర వచ్చింది.

మీరు ఏ ప్రోగ్రాములోనైనా "ఓపెన్" అని నొక్కితే ఒక పెట్టె తెర మీదికి వస్తుంది. "ఏ ఫైలు కావాలి?" అని అది అడుగుతుంది, మీరు వేలు పెట్టి చూపిస్తారు. "సేవ్" అని నొక్కితే, "ఎక్కడ దాచను?" అని అడుగుతుంది, మీరు చోటు చూపిస్తారు. ఇలా ప్రశ్నా జవాబూ జరుగుతాయి గనకనే దానిని డైలాగ్ బాక్సు అన్నారు. డైలాగ్ అంటే సంభాషణ.

ఒకప్పుడు ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రామే ఈ పెట్టెను సొంతంగా తయారుచేసుకునేది. 1992లో వచ్చిన విండోస్ 3.1 అందరికీ పనికివచ్చే ఉమ్మడి పెట్టె ఒకటి ఇచ్చింది. షార్ట్‌కట్లు వచ్చాక ఈ ఉమ్మడి పెట్టెకు చదువు నేర్పారు. మీరు అందులో షార్ట్‌కట్‌ను చూపిస్తే, అది చీటీ చదివి, అసలు ఫైలు చిరునామానే ప్రోగ్రాముకు అందిస్తుంది. పెట్టె మన కోడలి వంటిది.

అయితే ప్రోగ్రాము రాసేవారు ముందుగానే ఆ పెట్టెతో, "నువ్వు చీటీ చదవవద్దు, చీటీనే నా చేతికి ఇయ్యి" అని చెప్పటానికి కూడా వీలున్నది. అలా చెప్పిన ప్రోగ్రాముకు చీటీయే అందుతుంది. మాకింటోష్ కంప్యూటర్లలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉన్నది. ఏలియాస్‌ను చదవాలా వద్దా అన్నది ప్రోగ్రాము రాసేవారి ఇష్టం.

ఇవి గాక, ఇప్పటికీ సొంత పెట్టెలు చేసుకునే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. ముఖ్యంగా ఒకే ప్రోగ్రాము విండోస్ మీదా, మాకింటోష్ మీదా, లినక్స్ మీదా పనిచెయ్యాలని రాసినప్పుడు ఇలా చేస్తారు. ఆ సొంత పెట్టెల్లో కొన్నిటికి విండోస్ చీటీ చదవటం రాదు. ఫోల్డరు షార్ట్‌కట్ మీద నొక్కితే, లోపలికి తీసుకుపోవటానికి మారుగా, "ఈ ఫైలు నాకు అర్థం కాలేదు" అంటాయి. మరికొన్ని పెట్టెలు పేర్ల తోకలు మాత్రం చూసి, ఫోటో ఫైళ్లే కావాలంటే, ఫోటో తోక లేదని షార్ట్‌కట్‌ను అసలు చూపించనే చూపించవు. ఇవి అక్షరాలు రాని చిన్న మనమడి వంటివి.

చూశారా? ఒకే కంప్యూటరు, ఒకే చీటీ. ఒక పెట్టె చదువుతుంది, ఒకటి చదవదు, ఒకటి చీటీనే చేతికిస్తుంది. పైకి మాత్రం పెట్టెలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే నిన్న పనిచేసిన షార్ట్‌కట్ ఇవాళ మరొక ప్రోగ్రాములో ఎందుకు పనిచెయ్యలేదో తెలియక మనం తికమక పడతాం.

ఈ సంగతి నోటితో చెబితే కన్న చేసి చూస్తే బాగా తెలుస్తుంది. పెద్దవాళ్లను అడిగి కంప్యూటరు ముందు కూచోండి.

మొదట నోట్‌ప్యాడ్ తెరిచి, "మా ఊళ్లో మామిడి చెట్టు ఉన్నది" అని ఒక వాక్యం రాయండి. దానిని "మామిడి" అనే పేరుతో డాక్యుమెంట్స్ ఫోల్డరులో దాచండి. తరవాత ఆ ఫైలు మీద మౌసు కుడి బొత్తాం నొక్కి, "సెండ్ టు" అన్న చోట "డెస్క్‌టాప్" ఎంచుకోండి. విండోస్ 11లో అయితే ముందు "షో మోర్ ఆప్షన్స్" అని నొక్కవలసి ఉంటుంది. ఇప్పుడు డెస్క్‌టాప్ మీద బాణం గుర్తుతో చీటీ ఒకటి తయారయింది.

నోట్‌ప్యాడ్ మూసి, మళ్లీ తెరిచి, "ఓపెన్" నొక్కండి. పెట్టెలో "అన్ని ఫైళ్లూ" చూపించమని ఎంచుకుని, డెస్క్‌టాప్ మీది చీటీని చూపించండి. సాధారణంగా మీ మామిడి చెట్టు వాక్యమే కనిపిస్తుంది. పైన పేరు చూస్తే అసలు ఫైలు పేరే ఉంటుంది. అంటే పెట్టె చీటీ చదివి, జాడీ తెచ్చి ఇచ్చిందన్నమాట.

ఇప్పుడు అదే చీటీ మీద కుడి బొత్తాం నొక్కి, "ప్రాపర్టీస్" తెరవండి. "టార్గెట్" అన్న చోట అసలు ఫైలు చిరునామా యావత్తూ కనిపిస్తుంది. అది చీటీలో రాసి ఉన్న మాట.

మూడో పరీక్ష. ఆ బాణం గుర్తు బొమ్మను ఒక పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, వేరొక కంప్యూటరుకు పెట్టి తెరవండి. "ఈ షార్ట్‌కట్ చెప్పే వస్తువు మారిపోయింది, లేదా వేరే చోటికి పోయింది" అనే అర్థంలో ఇంగ్లీషులో ఒక సందేశం వస్తుంది. ఇది హాస్టల్లో సంచి విప్పిన పెద్ద మనమడి కథే గదా!

ఈ చీటీలు చదివే చదువేదో కంప్యూటరు అడుగు పొరలోనే పెట్టేస్తే సరిపోదా, ప్రతి ప్రోగ్రాముకూ వేరే నేర్పటం దేనికి అని మీలో తెలివైనవాళ్లు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. యూనిక్స్ వాళ్లు 1983లో చేసిన పని అదే.

బామ్మగారి ఇంటికి ఒక మాంత్రికుడు వచ్చి, గూటికి మంత్రం వేశాడనుకోండి. ఇక గూట్లో ఎవరు చెయ్యి పెట్టినా ఆ చెయ్యి తిన్నగా అటక మీది జాడీలోకి పోతుంది. చదువు వచ్చినవాడా, రానివాడా అన్న తేడా లేదు. చిన్న మనమడికి కూడా ఆవకాయ దొరుకుతుంది. సింబాలిక్ లింకు అలాంటి మంత్రపు గూడు. ఏ ప్రోగ్రాము ఆ పేరుతో ఫైలు తెరవమన్నా, అన్నిటికీ అడుగున ఉండే ఆపరేటింగ్ సిస్టమే దారి మళ్లిస్తుంది. ప్రోగ్రాముకు దారి మళ్లిన సంగతి కూడా తెలియదు.

విండోస్ షార్ట్‌కట్ మాత్రం మామూలు కాగితపు చీటీ. అడుగు పొర దానిని చదవదు. ఆ పొరకు అదీ ఒక ఫైలే. పై పొరలో ఉన్నవాళ్లు చదివితే చదివినట్టు, లేకపోతే లేదు. ఇలా ఎందుకు చేశారంటే, విండోస్ 95 నాటి డిస్కుల అమరికలో మంత్రపు గూళ్లకు చోటు లేదు. కాగితపు చీటీ అయితే ఏ డిస్కు మీదనైనా మామూలు ఫైలులాగే ఇముడుతుంది. పైగా దానిలో ఫైలు చిరునామానే గాక ప్రింటరు వంటి వాటి చిరునామా కూడా రాయవచ్చు. దానికి ఇష్టమైన బొమ్మ తగిలించవచ్చు. ఈ లాభాలు చిన్నవి కావు. 2007లో ఇళ్లకు వచ్చిన విండోస్ విస్టా నాటి నుంచి విండోస్‌లో కూడా సింబాలిక్ లింకులు ఉన్నాయిగాని, మనం రోజూ వాడేవి ఇప్పటికీ కాగితపు చీటీలే.

మంత్రపు గూటికి మరో లోపం ఉన్నది. అది ఒక్క చిరునామానే నమ్ముకుంటుంది. జాడీని అటక మీది నుంచి కొట్టుగదిలోకి మార్చారనుకోండి, గూట్లో పెట్టిన చెయ్యి ఖాళీ అటక తడుముతుంది. విండోస్ షార్ట్‌కట్లూ, ఆపిల్ ఏలియాస్‌లూ అలా కాదు. ఫైలు అదే డిస్కులో వేరొక చోటికి మారితే, తమ దగ్గర ఉన్న మిగతా ఆనవాళ్లతో వెతికి పట్టుకోవటానికి ప్రయత్నిస్తాయి, చాలాసార్లు పట్టుకుంటాయి కూడా.

సరే, చదివే పద్ధతి ఏదైనా, "చీటీ కనిపిస్తే చాలు, ప్రతివాళ్లూ చదివి జాడీ దగ్గరికే పోవాలి" అని ఒక నియమం పెడితే గొడవ వదులుతుందా? వదలదు. ఇది కాస్త ఆలోచించండి.

ఫైలు తెరిచేటప్పుడు చీటీ చదవటం మంచిదే. చీటీని తెరిచి మనమేం చేసుకుంటాం? కాని ఫైలు పారవేసేటప్పుడో? డెస్క్‌టాప్ మీద చీటీలు ఎక్కువైపోయాయని ఒకదాన్ని మీరు చెత్తబుట్టలో వేశారు. కంప్యూటరు చీటీ చదివి, అటక ఎక్కి, జాడీని పగలగొట్టి వచ్చిందనుకోండి! ఎంత అనర్థం? అందుకని పారవేసేటప్పుడు చీటీనే పారవెయ్యాలి, జాడీని ముట్టరాదు. విండోస్ సరిగా ఇలాగే చేస్తుంది.

కాపీ చేసేటప్పుడు మరో చిక్కు. ఒక ఫోల్డరులో ఉన్నవన్నీ కాపీ చేసే ప్రోగ్రాము ప్రతి చీటీనీ చదివి వెళ్లిందనుకోండి. మొదటి ఫోల్డరులో "రెండో ఫోల్డరు చూడు" అని చీటీ ఉన్నది. రెండో దానిలో "మొదటి ఫోల్డరు చూడు" అని చీటీ ఉన్నది. ఆ ప్రోగ్రాము గానుగెద్దులాగా తిరుగుతూనే ఉంటుంది. ఈ ప్రమాదం ఉన్నదనే, ఒక పేరును వెతకటంలో లినక్స్ 40 సింబాలిక్ లింకుల దాకా ఓపిక పడుతుంది. అప్పటికీ అసలు ఫైలు దొరకకపోతే, "లింకులు మరీ ఎక్కువైనాయి" అని చెప్పి మానేస్తుంది.

ఇక ఒకరికి పంపించేటప్పుడు? ఇక్కడే అసలు ఇబ్బంది. ఉత్తరంతోపాటు ఫైలు పంపే మనిషి మనసులో ఉండేది జాడీయే. చేతికి తగిలేది చీటీ. కొన్ని ప్రోగ్రాములు మనసు కనిపెట్టి జాడీనే పంపుతాయి. కొన్ని చేతిలో ఉన్నది పంపేసి ఊరుకుంటాయి.

కనక ఒక్కొక్క పనికి ఒక్కొక్క రకం జవాబు సరైనది. ఏ పనికి ఏది సరైనదో ప్రోగ్రాము రాసేవారు ఊహించాలి. పదిమంది పదిరకాలుగా ఊహించారు. ఈ పెట్టెల తికమకకు మూలం ఇది.

దీనివల్ల ఒక పూట తికమక పడటంతో సరిపోతే ఇంత చెప్పవలసిన పని లేదు. ఈ కింది సంగతి అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి.

ఒక ఇంట్లో పాత కంప్యూటరు ఉన్నదనుకోండి. అందులో పదేళ్ల ఫోటోలు ఉన్నాయి. పాప బారసాల, తాతయ్య షష్టిపూర్తి, అందరూ కలిసి చేసిన తీర్థయాత్ర. డెస్క్‌టాప్ మీద "ఫోటోలు" అని ఒక బొమ్మ ఉన్నది. కంప్యూటరు మరీ నెమ్మదిగా నడుస్తున్నదని, డిస్కు పూర్తిగా తుడిపించి బాగుచేయించాలని అనుకున్నారు. ముందుజాగ్రత్తగా ఆ "ఫోటోలు" బొమ్మను పెన్‌డ్రైవులోకి కాపీ చేశారు. కాపీ క్షణంలో అయిపోయింది. "అబ్బ, ఎంత తొందరగా అయింది!" అని సంతోషించారు. డిస్కు తుడిపించారు. ఇంటికి వచ్చి పెన్‌డ్రైవు తెరిస్తే అందులో ఉన్నది ఒక్క చీటీ. అటకే లేదు, ఇంక జాడీ ఎక్కడిది?

పదేళ్ల ఫోటోలు క్షణంలో కాపీ కావు. అంత తొందరగా అయిందంటే అనుమానించాలి.

రెండో రకం పొరపాటు ఇది. డెస్క్‌టాప్ మీద ఒక "ప్రాజెక్టు", డాక్యుమెంట్స్‌లో ఒక "ప్రాజెక్టు" కనిపిస్తాయి. "ఒకే ఫైలు రెండుచోట్ల దేనికి?" అని డాక్యుమెంట్స్‌లో ఉన్నదాన్ని తీసేస్తారు. అసలు ఫైలు అదే! డెస్క్‌టాప్ మీద మిగిలినది చీటీ. వెంటనే తెలిస్తే రీసైకిల్ బిన్‌లో నుంచి వెనక్కు తెచ్చుకోవచ్చు. చాలా రోజులకు తెలిస్తే, ఆ లోపల బిన్ ఖాళీ చేసి ఉంటే, తెచ్చుకోవటం చాలా కష్టం.

మూడోది మోసం. పెన్‌డ్రైవుల ద్వారా వ్యాపించే ఒక రకం వైరసులు ఉన్నాయి. ప్రింట్లు తీయించుకునే దుకాణాల్లో ఒకే కంప్యూటరుకు అనేకమంది పెన్‌డ్రైవులు పెడతారు గనక, ఇలాంటివి అక్కడ సులభంగా అంటుకుంటాయి. ఈ వైరసు మీ అసలు ఫోల్డర్లను కనిపించకుండా దాచేసి, అవే పేర్లతో దొంగ చీటీలు పెడుతుంది. మీరు నొక్కగానే చీటీ ముందు వైరసును లేపి, తరవాత మీ ఫోల్డరును కూడా తెరిచి చూపిస్తుంది. ఫోల్డరు తెరుచుకున్నది గనక మీకు అనుమానం రాదు. మీరు పెట్టిన ఫోల్డర్లకు ఉన్నట్టుండి బాణం గుర్తులు వచ్చినా, పెన్‌డ్రైవులో మీరు తయారుచెయ్యని షార్ట్‌కట్లు కనిపించినా, వాటిని నొక్కక పెద్దవాళ్లకు చెప్పండి. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరసు ఇంతకన్నా గడుసుది. అది పెట్టిన చీటీని నొక్కనక్కరలేదు. ఫోల్డరు తెరిచినప్పుడు చీటీ బొమ్మ తెర మీద కనిపిస్తే చాలు, అది లోపల ప్రవేశించేది. ఆ లోపాన్ని సవరిస్తూ మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం ఆగస్టులో దిద్దుబాటు విడుదల చేసింది. కంప్యూటరు అప్‌డేట్లు వాయిదా వెయ్యరాదని పెద్దలు చెప్పేది ఇందుకే.

భయపడి షార్ట్‌కట్లు మానెయ్యనక్కరలేదు. బామ్మగారి చీటీ మంచిదే; చూసి వాడుకోవాలి, అంతే. నాలుగు అలవాట్లు చేసుకుంటే చాలు.

ఒకటి, దేనినైనా పంపేముందూ, కాపీ చేసేముందూ, పారవేసేముందూ బాణం గుర్తు ఉన్నదేమో చూడండి. అనుమానం వస్తే ప్రాపర్టీస్ తెరిచి, ఎన్ని కిలోబైట్లున్నదో చూడండి.

రెండు, బాణం ఉంటే దాని మీద కుడి బొత్తాం నొక్కి, "ఓపెన్ ఫైల్ లొకేషన్" ఎంచుకోండి. కంప్యూటరు మిమ్మల్ని అసలు ఫైలు ఉన్న చోటికి తీసుకుపోతుంది. అక్కడి నుంచి కాపీ చెయ్యండి.

మూడు, "సేవ్" పెట్టెలో షార్ట్‌కట్ ద్వారా ఒక ఫోల్డరులోకి పోయినప్పుడు, పైన ఉన్న చిరునామా వరసను ఒకసారి చదవండి. ఆ ఫైలు దాగేది అక్కడే. చాలామంది, "డెస్క్‌టాప్ మీది నుంచేగా పోయాను" అనుకుని, తరవాత డెస్క్‌టాప్ మీద వెతుక్కుంటారు.

నాలుగు, ముఖ్యమైనవి కాపీ చేసిన తరవాత, ఆ పెన్‌డ్రైవును వేరే కంప్యూటరుకు పెట్టి తెరిచి చూసుకోండి. తెరుచుకుంటే జాడీ మీ దగ్గర ఉన్నట్టు. అది చూసుకునేదాకా పాత కంప్యూటరులో దేన్నీ తుడపవద్దు.

చివరికి ఒక్క మాట. మీలో కొందరు పెద్దయాక ప్రోగ్రాములు రాస్తారు. అప్పుడు మీరు కూడా ఒక పెట్టె తయారుచేస్తారు. ఎవరో ఒకరు దానికి చీటీ అందిస్తారు. దాన్ని చదవాలా, అలాగే ఉంచాలా అని ఆ రోజు మీరు నిర్ణయించవలసి వస్తుంది. ఏది నిర్ణయించినా సరే, "ఇది చీటీ మాత్రమే, జాడీ కూడా కావాలా?" అని ఆ మనిషిని ఒక్క మాట అడగటం మరిచిపోకండి. బస్సుకు వేళయి పరిగెత్తే పెద్ద మనమడిని గుమ్మం దగ్గర ఎవరైనా ఆ ఒక్క మాట అడిగి ఉంటే, పాపం, వాడు హాస్టల్లో వట్టి అన్నం తినవలసి వచ్చేది కాదు గదా!